నీటి పరీక్షకే పరీక్ష

మా ఇంటికి వచ్చేవారు మంచినీళ్ళ గ్లాసు చేత పట్టుకుని, "ఏమండీ, ఈ నీళ్ళు మంచివేనా?" అని తప్పకుండా అడుగుతారు. నీటి పరీక్షాశాలలో ముప్ఫై యేళ్ళు కొలువు చేసిన పాపానికి నాకీ ప్రశ్న తప్పదు. "చూస్తే తేలేది కాదండీ" అంటాను. దాహంతో ఉన్నవారికి ఆ జవాబు రుచించదు.

కాని నిజం అదే. ఫ్లోరైడు ఉన్న నీళ్ళు అద్దంలా తేటగా ఉంటాయి. రంగు లేదు, వాసన లేదు. ఏళ్ళ తరబడి తాగితే మాత్రం పళ్ళు గారపడతాయి, ఎముకలు బిగుసుకుంటాయి, నడుము వంగిపోతుంది. మన దేశంలో ఈ జబ్బును 1937లో గుర్తించింది ఆనాటి నెల్లూరు జిల్లాలోనే. లీటరు నీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము దాటరాదనీ, వేరే గతి లేనిచోట 1.5 వరకు ఓర్చుకోవచ్చుననీ మన ప్రమాణం. అంటే, అర మిల్లీగ్రాము తేడా చెప్పగలిగితేనే మా కొలువుకు అర్థం.

ఒకసారి నేను చెప్పలేకపోయాను.

నల్లగొండ జిల్లాలో ఒక ఊరు. అక్కడ బోరు నీటిలో పటిక, సున్నం కలిపి, తేర్చి ఇచ్చేవారు. నాగపూరు పరిశోధన సంస్థవారు కనిపెట్టిన ఈ పద్ధతికి నల్లగొండ పేరే పెట్టారు. నెలనెలా ఆ నీళ్ళు మా దగ్గరకు వచ్చేవి. మాది రంగు పరీక్ష. ఎర్రటి రంగుమందు ఎంత వెలిస్తే నీటిలో అంత ఫ్లోరైడు ఉన్నట్టు లెక్క. 0.9 అని వచ్చింది. సంతకం పెట్టాను. మూడు నెలలు అలాగే పెట్టాను.

నాలుగో నెల, కొత్తగా చేరిన అమ్మాయి ఒకతె ఆ నీళ్ళలో తెలిసి తెలిసి ఇంకొక మిల్లీగ్రాము ఫ్లోరైడు కలిపి పరీక్షించింది. సగమే కనిపించింది. "మిగతా సగం ఏమైంది సార్?" అన్నది.

నాకు చెమటలు పట్టాయి. నీటిలో మిగిలిపోయిన పటికలోని అల్యూమినియం ఫ్లోరైడును పట్టుకుని, రంగుమందు జోలికి పోనివ్వడం లేదు. ఆ పట్టు విడిపించే ద్రావణం కలిపి ఎలక్ట్రోడుతో చూస్తే 1.8!

మర్నాడే ఆ ఊరు వెళ్ళాను. పంపుగది గోడకు నా రిపోర్టు అంటించి ఉన్నది. చింపుతూంటే ఒక ముసలాయన, "ఇన్నొద్దులు తాగిన నీళ్ళ సంగతేంది సారూ?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

అప్పటినుంచి మా గదిలో ఒక నియమం పెట్టుకున్నాం. ప్రతి విడతలోనూ ఒక శుద్ధజలం సీసా, ఎంత ఉన్నదో ముందే తెలిసిన సీసా, రెండుసార్లు చూసే సీసా, కొంచెం కలిపి చూసే సీసా ఉండవలసిందే. అవి తప్పితే ఆ విడత అంతా మళ్ళీ మొదటినుంచి. సీసా సంగతీ అంతే. ఫ్లోరైడుకు గాజు పనికిరాదు, ప్లాస్టిక్ కావాలి. సూక్ష్మక్రిములు చూడాలంటే శుద్ధి చేసిన సీసా కావాలి. కుళాయి నీళ్ళయితే క్లోరిన్‌ను విరిచే మందు అందులో ముందే వేయాలి. లేకపోతే దారిలోనే క్రిములు చచ్చి, చెడ్డ నీళ్ళు మంచివని తేలుతాయి. మంచులో పెట్టి వీలైతే ఆ రోజే చేర్చాలి.

2019లో జల్ జీవన్ మిషన్ మొదలైన తరువాత ఊళ్ళలో ఆడవారికే పరీక్ష పెట్టెలు ఇచ్చి నేర్పించారు. చాలా మంచి పని. అక్కడ అనుమానం తగిలినవి పరీక్షాశాలకు రావాలి. సీసాలు పెరుగుతాయి, చేతులు పెరగవు. తొందర పడితే మొదట ఎగిరిపోయేవి, నేను చెప్పిన ఆ నాలుగు సీసాలే. ఎందుకంటే, నెలాఖరున ఎన్ని పరీక్షలు చేశారని అడిగే పైవారు వాటిని లెక్కలోకి తీసుకోరు.

కనుక మీ చేతికి నీటి రిపోర్టు వస్తే అంకె చూసి మురిసిపోకండి. "మీ పరీక్షను మీరెలా పరీక్షించుకున్నారండీ?" అని అడగండి. మంచి పరీక్షాశాలవారు నొచ్చుకోరు, కుర్చీ వేసి చూపిస్తారు.

ఆ చింపిన కాగితం ఇంకా నా బీరువాలో ఉన్నది.