పాట కొరకు పాట

గొంతెత్తి పాడు పాటకును, వేలములో పాడు పాటకును మన భాషలో పేరొక్కటియే. అమెరికాలో కొడుకుకోడండ్రయొద్ద నున్న యొక సోదరి మాకు వ్రాసిన యుత్తరములో నీ రెండు పాటలును కలిసినవి. ఆమె కోడలు రాత్రివేళ కంప్యూటరు ముందు గూర్చుండి, నూరేండ్లనాటి జాజ్ సంగీతపు గ్రామఫోను రికార్డులకు వేలము పాడుచున్నదట. “కొన్ని బీటలు వారినవి, కొన్నిట గరగర తప్ప వేఱు వినరాదు. ఇది విద్యయా, వ్యసనమా?” యని యామె ప్రశ్న. రెండును గావచ్చును. ఏది యగునో తేల్చుటకు ముందు వస్తువును, పిమ్మట వేలమును దెలిసికొనవలెను.

జాజ్ అమెరికా దక్షిణమున న్యూ ఆర్లియన్సు నగరములో నల్లజాతివారి నడుమ పెరిగిన సంగీతము. ఆ పేరుతో మొదటి రికార్డు 1917లో వెలువడినది గాని, దానిని వాయించినది తెల్లవారి మేళము. నల్లవారైన కింగ్ ఆలివర్ మేళము 1923లో ఇండియానా రాష్ట్రమందలి రిచ్మండులో జెన్నెట్ కంపెనీకి వాయించెను. అందు రెండవ కార్నెట్టు వాయించిన యువకుడే పిమ్మట జగత్ప్రసిద్ధుడైన లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్. మన విద్వాంసుల మనోధర్మమువలె జాజునకును అప్పటికప్పుడు కల్పించుటయే ప్రాణము. అట్టి కల్పన కాగితముమీద నిలువదు, రికార్డులోనే నిలుచును. అచ్చు తీసిన లోహపు మూసలు పెక్కు నశించినందున, కొన్ని పాటలకు మిగిలిన రికార్డులే సాక్షులు.

ఆ రికార్డు నిమిషమునకు 78 మారులు తిరుగును. పది యంగుళముల పలకపై నొక్కొక్క ప్రక్క సుమారు మూడు నిమిషముల పాట పట్టును. లక్కలో రాతిపొడి మొదలగునవి కలిపి దానిని జేసిరి. ఆ లక్కలో మిక్కిలి భాగము మన దేశమునుండి పోయినదే. భారతము చదివిన మనకు లక్క గుణము వేఱుగ జెప్పనక్కఱలేదు. ఎండతగిలిన వంగును, జాఱిన పగులును. 1942లో యుద్ధమువలన లక్క కఱవై, అమెరికాలో పాత రికార్డులను పోగుచేసి నూఱి క్రొత్తవి చేసిరి. నేటి కొఱతకు నదియు నొక హేతువు.

ఇక వేలము. 1995లో నారంభమైన ఈబే వంటి చోట్ల పాటదారు తన కడపటి ధరను రహస్యముగా నుంచవచ్చును. యంత్రమే యామె పక్షమున మెట్టుమెట్టుగా పాడును. గెలిచినచో రెండవవారి పాటకంటె నొక్కమెట్టు మాత్రమే హెచ్చు చెల్లింపవలసి యుండును. ఇట్టి వేలములో వస్తువు తనకెంత విలువయో యంతయే నిజముగా పాడుట మేలని విక్రీ యను నర్థశాస్త్రజ్ఞుడు 1961లో నిరూపించెను. 1996లో నాయనకు నోబెల్ బహుమానము వచ్చినది. కావున పగటివేళ, చల్లని మనస్సుతో ధర నిర్ణయించి, యొక్కసారి పాడి, నిద్రపోవలెను. కడపటి క్షణములలో నెవరో పైపాట పాడిరని పౌరుషమునకు బోయినచో, అది సంగీతము గాదు, ధర్మరాజు జూదము.

అమ్మువారి మాటలును పరీక్షింపదగినవి. ‘గుడ్’ అని వ్రాసిన మంచిదని యర్థము గాదు. బాగుగ నఱిగినదని యర్థము. వెండ్రుకవంటి బీట గలదా, అంచు విఱిగి గాడివఱకు పోయినదా యని యడుగవలెను. నడిమి చీటికిని, దాని చెంత చెక్కిన యంకెలకును ఛాయాచిత్రము కోరవలెను. ఒకే పాటకు తరువాతి ముద్రణము లుండును. పలకను రెండు గట్టి యట్టల నడుమ నుంచి, పెట్టెలో పెట్టె యమర్చి పంపుమని ముందే చెప్పవలెను. ఇంటికి వచ్చినపిదప స్పిరిటు కలిసిన ద్రవముతో తుడువరాదు, లక్క కరగును. వీనికి వెడల్పు గాడికి దగిన ముల్లు వేఱుగ నుండవలెను. నిలువుగ నుంచి, వేడి తగులకుండ కాపాడవలెను.

వినుటకే యైనచో కొననక్కఱలేదు. అమెరికా శాసనము 2018లో మారినందున 1923 నాటి రికార్డులు 2024 జనవరినుండి యెల్లరి సొత్తయినవి. ఆ దేశపు కాంగ్రెసు గ్రంథాలయము పాత రికార్డులు పెక్కింటిని అంతర్జాలమున నుచితముగ వినిపించుచున్నది. ముందు విని, నచ్చినవానికే పాడుట యుక్తము.

ఉత్తరము వ్రాసిన సోదరికి మా మనవి యొక్కటియే. కోడలిని నిందింపక, నెలకింత యని హద్దు పెట్టుకొన్నదేమో యడుగుడు. ఒక సాయంకాలము రెండు రికార్డులు వినిపింపు మనుడు. ఎవరు వాయించిరో, ఎచ్చట వాయించిరో చెప్పి, ఆ గరగరలో మీకు బాకా వినబడునట్లు చేసినచో నది విద్య. వచ్చిన పెట్టెలు విప్పకయే మూల నుండగా చేయి మఱియొక వేలమునకు బోవుచున్నచో నది వ్యసనము. అపుడు మందలింప మీకు హక్కు గలదు. ఐనను ముందు కూర్చుండి వినుడు. వినకయే తీర్పు చెప్పుట యత్తలకును తగదు.