పరుగు తీసేవాడికి డబ్బా, కీమో ఎక్కినామెకి వేపాకా?

ఢిల్లీ ద్వారకలో ఏ సెక్టార్ మార్కెట్‌కైనా వెళ్లండి. మందుల షాపు అద్దాల వెనక బకెట్లంతేసి ప్రొటీన్ డబ్బాలు బారులు తీరి ఉంటాయి. హాఫ్ మారథాన్ రోజులు దగ్గర పడ్డాయంటే మా సొసైటీలో కుర్రకారే కాదు, రిటైరైన అండర్ సెక్రటరీలు కూడా షేకర్లు ఊపుకుంటూ లిఫ్టు ఎక్కుతారు. (ఢిల్లీ గాలి పీలుస్తూ పదేసి కిలోమీటర్లు పరుగెత్తడం ఆరోగ్యమో, ఆత్మహత్యో వేరే సంగతి.) తీరా ఆ ఇళ్లలోనే ఎవరికైనా రొమ్ము క్యాన్సర్ అని తేలిందా, వంటింటి చట్టం తిరగబడుతుంది. పాలు బంద్. గుడ్డు బంద్. అన్నం బంద్. పొద్దున్నే పసుపు నీళ్లు, నిమ్మరసం, నాలుగు వేపాకులు. పొద్దు గూకాక పస్తు.

మాకు వరసకి పిన్నిగారొకావిడకి కీమో నడుస్తోంది. చూడబోతే గాజులు మణికట్టు దగ్గర ఆగడం లేదు, చెయ్యెత్తితే మోచేతి దాకా జారిపోతున్నాయి. అదే వంటగది గట్టు మీద మనవడి ప్రొటీన్ డబ్బా, రెండు కిలోలది. "అమ్మమ్మకి ఏం పెడుతున్నార్రా?" అని అడిగితే, "ప్రొటీన్ తింటే గడ్డ పెరుగుతుందంట కదా అంకుల్" అన్నాడు. వాడికెవరు చెప్పారు? వాట్సాప్ చెప్పింది.

ఆ వాట్సాప్‌కి సరుకు అందించింది ఎవరో చూద్దాం. 2024 నవంబరులో మాజీ క్రికెటర్ నవజ్యోత్ సింగ్ సిద్ధూ అమృత్‌సర్‌లో విలేకరుల ముందు కూర్చున్నారు. నాలుగో దశ రొమ్ము క్యాన్సర్‌ని తన భార్య 40 రోజుల్లో జయించిందనీ, పసుపు, వేపాకు, నిమ్మ నీళ్లు, ఉపవాసం, చక్కెరా పాలూ మానెయ్యడం అందుకు సాయపడ్డాయనీ చెప్పారు. ఆమె కోలుకున్నారు, సంతోషం, నిండు నూరేళ్లూ ఉండాలి. కానీ ఆమెకు ఆపరేషన్ అయింది, కీమో అయింది. ఆ మాటా ఆయన దాచలేదు. ఫార్వర్డు చేసేవాళ్లకి అది అక్కర్లేకపోయింది. ముంబయిలోని టాటా మెమోరియల్‌కి చెందిన ఇప్పటి, ఒకప్పటి డాక్టర్లు 262 మంది సంతకాలు పెట్టి, ఈ చిట్కాలకి ఆధారం లేదు, వీటిని నమ్మి వైద్యం ఆలస్యం చేసుకోవద్దని ప్రకటించాల్సి వచ్చింది. డాక్టర్లతో సంప్రదించే ఆ పథ్యం పాటించామని తర్వాత సిద్ధూ వివరణ ఇచ్చారు. వివరణని ఫార్వర్డు చేసినవాడు నాకింకా తగల్లేదు.

ఇప్పుడు అంకెలకి వద్దాం, ఎందుకంటే నా కోపమంతా అక్కడే ఉంది. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కలో మామూలు మనిషికి రోజుకి కిలో బరువుకి 0.83 గ్రాముల ప్రొటీన్ చాలు. దూరాలు పరుగెత్తేవాళ్లకి క్రీడా పోషకాహార నిపుణులు సుమారు 1.2 నుంచి మొదలుపెడతారు. మరి క్యాన్సర్ రోగికి? యూరప్ క్లినికల్ న్యూట్రిషన్ సంఘం చెప్పేది ఒక గ్రాముకి పైనే, వీలైతే 1.5 దాకా. అర్థమైందా? అరవై కిలోల ఆ పిన్నిగారికి రోజుకి అరవై నుంచి తొంభై గ్రాములు కావాలి. ఇంచుమించు మారథాన్ వీరుడి వాటా! ఆవిడ పరుగెత్తడం లేదు నిజమే. మంచం మీదే ఉండి అంతకంటే పెద్ద పందెంలో ఉంది. ఆ పందెంలో ఉన్న మనిషికి మనం పెడుతున్నది వేపాకు.

చక్కెర మాడిస్తే గడ్డ మాడుతుందనే వాదం వింటే ఒళ్లు మండుతుంది. కణితి కణాలు గ్లూకోజు ఎక్కువ వాడతాయని జర్మన్ శాస్త్రవేత్త ఒట్టో వార్‌బర్గ్ 1920లలోనే గమనించాడు. అంతవరకు నిజం. కానీ నువ్వు తిండి మానేస్తే రక్తంలో గ్లూకోజు సున్నా అవదు. కాలేయం ఊరుకోదు, కండలు కరిగితే వచ్చిన అమైనో ఆమ్లాలతో గ్లూకోజు తయారుచేసి రక్తంలోకి వదులుతుంది. అంటే పస్తులో మాడేది గడ్డ కాదు, మనిషి. కండ కరిగినవాళ్లు కీమోని తట్టుకోలేరు. డోసు తగ్గించాలి, వాయిదా వెయ్యాలి. అలా నీరసించిపోతే "కీమోనే చంపేసింది" అంటారు చుట్టాలు.

ఇక అరుదైన రకాలున్నాయి. మగవాళ్లకొచ్చే రొమ్ము క్యాన్సర్, మెటాప్లాస్టిక్ రకం లాంటివి మొత్తం కేసుల్లో సుమారు ఒక్కో శాతమో, అంతకన్నా తక్కువో. వేలమందితో పరీక్షలు జరపడానికి అంతమంది రోగులు ఒకచోట దొరకరు. అందుకని డాక్టరు నిజాయితీగా "ఖాయంగా చెప్పలేం" అంటాడు. ఆ ఖాళీలోకి కథ దూరుతుంది. ఒక్క మనిషి కోలుకున్న కథ ఎంత నిజమైనా అది ఆ మనిషిదే. దాన్ని పట్టుకుని పక్కింటావిడ పాలగ్లాసు లాక్కోవడానికి నీకెవడిచ్చాడు హక్కు?

అలాగని ఆ మనవడి డబ్బా తీసి అమ్మమ్మకి పొయ్యమనడం లేదు. డబ్బాల బాగోతం కూడా 2024లోనే బయటపడింది. కేరళ వైద్యుడు సిరియాక్ ఆబీ ఫిలిప్స్ బృందం మన దేశంలో అమ్మే 36 రకాలు పరీక్షిస్తే, సుమారు 70 శాతం లేబుళ్ల మీద ప్రొటీన్ లెక్క తప్పు. 14 శాతంలో అఫ్లాటాక్సిన్లు, బూజు విషాలు. మాటలు అమ్మేవాడూ డబ్బాలు అమ్మేవాడూ ఒకటే బజారు.

చట్టం లేదా అంటే ఉంది. 1954 నాటి మ్యాజిక్ రెమెడీస్ చట్టం క్యాన్సర్ నయం చేస్తామనే మందుల ప్రకటనల్ని నిషేధించింది. అయితే వేపాకుకి కంపెనీ లేదు, విలేకరుల సమావేశం ప్రకటన కాదు. సిద్ధూ మాటల మీద ఢిల్లీ హైకోర్టుకి వెళితే, అది ఆయన అభిప్రాయం, మాటకి మాటతోనే బదులు చెప్పండని కోర్టు అంది. పిటిషన్‌ని వెనక్కి తీసుకున్నారు. సరే, మాటతోనే చెబుతున్నాను.

ఇంట్లో కీమో ఎక్కించుకుంటున్న మనిషి ఉంటే, ముద్దపప్పు పెట్టండి, పెరుగు పెట్టండి, బాగా ఉడికించిన గుడ్డు పెట్టండి. ఇష్టమైతే చేప పెట్టండి. కిడ్నీ జబ్బో, షుగరో ఉంటే ఎంత పెట్టాలో డాక్టరునీ డైటీషియన్‌నీ అడగండి. ద్వారక నుంచి బాడ్సా ఎంత దూరం? ఎయిమ్స్ వాళ్ల జాతీయ క్యాన్సర్ సంస్థ అక్కడే ఉంది. వారానికోసారి బరువు తూచి కాగితం మీద రాయండి. తగ్గుతుంటే తర్వాతి కీమో దాకా ఆగకుండా ఆ కాగితం తీసుకెళ్లి డాక్టరుకి చూపించండి. వేపాకు ఫార్వర్డు వచ్చిందా, పంపినవాడికి ఫోన్ చేసి మొహం మీదే అడగండి: "ఆపరేషన్, కీమో సంగతి ఎందుకు కత్తిరించావు బాబాయ్?"