ఆ క్వీన్ బలి దుస్సాహసం కాదు



1956లో న్యూయార్క్‌లో డొనాల్డ్ బైర్న్‌పై పదమూడేళ్ల బాబీ ఫిషర్ గెలిచిన చదరంగం ఆట మీద మీ పత్రికలో వచ్చిన విశ్లేషణ చదివాను. క్వీన్‌ని వదిలేయడం కుర్రతనపు తెగింపనీ, 18వ ఎత్తులో బైర్న్ దాని జోలికి పోకుండా ఈ6లోని బిషప్‌ని కొట్టి ఉంటే గట్టెక్కేవాడనీ రాశారు. ఒప్పుకోలేను.

బోర్డు మీద పేర్చి చూడండి. బిషప్‌ని కొడితే ఫిషర్ నల్ల క్వీన్ బీ5లో చెక్ చెబుతుంది. తెల్ల రాజు జీ1కి తప్పుకుంటే గుర్రం ఈ2లో చెక్. రాజు ఎఫ్1కి రాగానే గుర్రం జీ3కి దూకుతుంది, క్వీన్‌దీ గుర్రానిదీ జంట చెక్. రాజు మళ్లీ జీ1. అప్పుడు క్వీన్ ఎఫ్1లో దిగుతుంది! గుర్రం కాపు ఉంది కాబట్టి రాజు ముట్టుకోలేడు, రూక్ కొట్టక తప్పదు. గుర్రం ఈ2లో వాలితే ఆటకట్టు. సొంత రూకులు, బంట్లే రాజుకి గోడలు. ఎంత అందమైన లెక్క!

బైర్న్ క్వీన్‌నే కొట్టాడు. వరస చెక్‌లతో ఫిషర్‌కి ఒక రూక్, రెండు బిషప్‌లు, ఒక బంటు దక్కాయి. 41వ ఎత్తులో ఆటకట్టు, తెల్ల క్వీన్ ఎక్కడో బీ8లో ఉండిపోయింది.

2002లో ఆనంద్ చదరంగం ప్రపంచకప్ గెలిచిన హైదరాబాద్ మనది. చిక్కడపల్లి గ్రంథాలయంలో, నారాయణగూడలో మీ పత్రిక చదివే పిల్లలు దీన్ని గుడ్డి తెగింపు అనుకోకూడదు. వచ్చే సంచికలో 17 నుంచి 25 దాకా ఎత్తులన్నీ బొమ్మతో సహా వేయండి.

– ఒక పాఠకుడు, అశోక్‌నగర్, హైదరాబాద్