సీఎస్ఈ వాళ్లకి ఫైబర్ ఫిజిక్స్ ఎందుకు?

"కోడ్ రాసుకునేవాళ్లకి ఫిజిక్స్ ఎందుకురా?" అనే మాట మన బ్రాంచ్‌లో రోజూ వినేదే. ఎగ్జామ్ ముందురోజు ఇంపార్టెంట్ క్వశ్చన్స్ చూసేసి, రాశాక వదిలేసే సబ్జెక్ట్ అది. నేను దీనికి ఒప్పుకోను. అందులోనూ గోదావరి జిల్లాల్లో పెరిగిన మనకి ఫైబర్ ఆంప్లిఫయర్ అర్థం కాలేదంటే అది బద్ధకమే. కాలువ, వంతు, శివారు భూమి అంటే ఏంటో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు కదా.

ముందు లెక్క చూద్దాం. 1550 నానోమీటర్ల కాంతి మంచి ఫైబర్‌లో కిలోమీటరుకి 0.2 డెసిబెల్స్ చొప్పున తగ్గుతుంది. అంటే 100 కిలోమీటర్లు వెళ్లేసరికి వందో వంతే మిగులుతుంది. ఒకప్పుడు ఆ కాంతిని కరెంటు సిగ్నల్‌గా మార్చి, మళ్లీ లేజర్‌తో కొత్తగా పంపేవారు. 1987లో సౌతాంప్టన్‌లో డేవిడ్ పేన్ బృందం, బెల్ ల్యాబ్స్‌లో డెసుర్విర్ బృందం ఎర్బియం కలిపిన ఫైబర్‌తో ఆ అవసరం తప్పించాయి. పంప్ లేజర్‌తో ఎర్బియంలో శక్తి నింపుతారు. సిగ్నల్ దాని గుండా వెళ్తూ ఆ శక్తి తీసుకుని బలపడుతుంది.

ఇక్కడే మన కాలువ పనికొస్తుంది. ఎర్బియం ఆ శక్తిని సుమారు 10 మిల్లీసెకన్లు పట్టి ఉంచుతుంది. సెకనుకి 10 గిగాబిట్ల లైన్‌లో అంతలోనే 10 కోట్ల బిట్లు దాటిపోతాయి. ఒక్కో బిట్ తాగేది చుక్కంతే కాబట్టి అన్నిటికీ దాదాపు సమానంగా అందుతుంది. అదే చాలా శక్తి ఉన్న పల్స్ ఒక్కటే వస్తే? ముందు భాగం ఎగువ రైతులా తోడేసుకుంటుంది, తోక శివారు చేనులా ఎండిపోతుంది. పల్స్ ఆకారమే మారిపోతుంది. పల్స్ మరీ పొట్టిదైతే ఇంకో తంటా: దాని తీవ్రతకి గాజు వక్రీభవన గుణకం కూడా మారుతుంది. దీనికి 1985లో డొనా స్ట్రిక్‌లాండ్, జెరార్డ్ మూరూ చూపిన ఉపాయం సింపుల్. పల్స్‌ని ముందు సాగదీయాలి, తర్వాత బలం పెంచాలి, చివర్లో మళ్లీ కుదించాలి. 2018లో వాళ్లకి నోబెల్ వచ్చింది.

"ఇదంతా కింది లేయర్ గొడవ, మనం పైన ఉంటాం" అనొచ్చు. నిజమే, లేయర్లు ఉన్నదే అందుకు. కానీ ఫైబర్‌లో కాంతి వేగం సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు. సర్వర్ 10 వేల కిలోమీటర్ల దూరంలో ఉంటే వెళ్లి రావడానికే 100 మిల్లీసెకన్లు. ఆంప్లిఫయర్ బలం ఇస్తుంది గానీ వేగం ఇవ్వదు. పైగా సిగ్నల్‌తో పాటు నాయిస్‌నీ పెంచుతుంది, తన నాయిస్ కూడా కొంత కలుపుతుంది. ఇది తెలియనివాడు కోడ్‌ని ఎంత తిప్పి రాసినా ఆ 100 తగ్గదు. తెలిసినవాడు సర్వర్‌ని దగ్గరికి తెస్తాడు, లేదా వెళ్లి రావడాల సంఖ్య తగ్గిస్తాడు.

2016 డిసెంబర్‌లో రాష్ట్ర ఫైబర్ గ్రిడ్ మొదలైంది మన కోనసీమలోనే, సఖినేటిపల్లి మండలం మోరిలో. నెలకి 149 రూపాయలకే ఇంటింటికీ నెట్ అన్నారు. కరెంటు స్తంభాల మీద తీగ లాగారు. తీగ మన వీధిలోకి వచ్చింది గానీ, దాని చదువు మన క్లాసులోకి ఇంకా సరిగ్గా రాలేదు. చాలా ఊళ్లలో కేబుల్ ఆపరేటర్ గదిలో ఈడీఎఫ్ఏ అనే డబ్బా ఉంటుంది. అది ఈ ఎర్బియం ఆంప్లిఫయరే. టెన్త్‌తో చదువు ఆపిన ఆపరేటర్ అన్నయ్యకి కూడా దాంట్లో ఎంత పవర్ వస్తుందో తెలుసు. బీటెక్ చదివే మనకి ఆ పేరు కూడా తెలియదు.

అందుకే నేను అడిగేది చిన్నదే. ఈ సెమిస్టర్‌లో ఒక్క శనివారం ఈసీఈ వాళ్లని బతిమాలి ఫైబర్ ల్యాబ్ చూద్దాం. ఇంకో రోజు కేబుల్ గదికి వెళ్దాం. చూసింది తెలుగులో రాసి ఇక్కడే వేద్దాం. నాలాంటి ఇంగ్లిష్ మీడియం వాళ్లకి రాయడం కొంచెం కష్టమే, అయినా తెలుగులో చెప్పగలిగితేనే మనకి నిజంగా అర్థమైందో లేదో తేలుతుంది.