పేనుకొరుకుడు కానిది

మేము వైద్యులము కాము. బాయిలర్లతో, పంపులతో 30 ఏళ్ళు గడిపిన ఇంజనీరులము. అయినా ఈ మారు శిరోజాలను గురించి వ్రాయవలసి వచ్చినది. సూరత్‌లో మా పొరుగున నివసించే సహోద్యోగి శ్రీమతి అనుభవమే ఇందుకు కారణం. ఆమె అనుమతితోనే వ్రాస్తున్నాము.

ఆమె తిరుమలలో తలనీలాలు సమర్పించి వచ్చారు. నెల తిరిగేసరికి తలంతా జుట్టు మొలిచినది, నడినెత్తిన రూపాయి బిళ్ళంత రెండు చోట్ల తప్ప. అక్కడ చర్మం నున్నగా మెరుస్తున్నది. చూచినవారందరూ పేనుకొరుకుడన్నారు. లింబాయత్‌లోని బంధువులు గురిగింజ అరగదీసి పంపారు. మేమును మా వంతుగా బోరునీటిని నిందించితిమి. దురద, మంట ఉన్నవని ఆమె చెప్పుచున్నా ఎవరమూ పట్టించుకొనలేదు. 8 నెలలలో ఆ రెండు మచ్చలూ నాలుగైనవి.

చివరకు చర్మవైద్యుడు డెర్మోస్కోపుతో చూచి, మచ్చల నడుమ రోమకూపాల రంధ్రాలే లేవనీ, అంచున ఉన్న వెంట్రుకల మొదళ్ళ చుట్టూ ఎర్రదనం, పొలుసులు ఉన్నవనీ గుర్తించారు. 4 మిల్లీమీటర్ల చర్మపు ముక్కను పరీక్షకు తీశారు. బోడి భాగం నుండి కాదు, వెంట్రుకలు మిగిలియున్న అంచు నుండి! నడుమ దొరికేది బూడిదే, నిప్పు అంచున ఉన్నదన్నమాట. వ్యాధి పేరు లైకెన్ ప్లానోపైలారిస్ అని తేలినది.

పేనుకొరుకుడులో దాడి వెంట్రుక అడుగునున్న బుడిపెపై జరుగుతుంది. పైన, తైలగ్రంథి సమీపంలోని మూలకణాలు క్షేమంగా ఉంటవి. కనుక చాలామందికి జుట్టు తనంతట తానే తిరిగి వస్తుంది. కీర్తి మాత్రం గురిగింజకు దక్కుతుంది. ఈ వ్యాధిలోనో, శరీరపు రక్షక కణాలు ఆ మూలకణాల నెలవునే ధ్వంసం చేస్తవి. కూపం పోయి మచ్చ మిగులుతుంది. ఇక ఏ తైలమూ అక్కడ వెంట్రుకను మొలిపించజాలదు. పిల్లల తలపై చీముపట్టి ఉబ్బే తామరను అశ్రద్ధ చేసినా ఇటువంటి మచ్చే మిగలవచ్చును. దానికి నోటి ద్వారా ఫంగస్ మందు అవసరం, పూత చాలదు.

ఆమెకు స్టెరాయిడ్ పూత, మచ్చల అంచులలో ట్రయామ్సినోలోన్ ఇంజెక్షన్లు, నోటికి హైడ్రాక్సీక్లోరోక్విన్ ఇచ్చారు. ఈ చివరి మందు రెటీనాకు హాని చేయవచ్చును గనుక నేత్రపరీక్ష చేయించి, రోజు మోతాదు శరీరపు బరువులో కిలోకు 5 మిల్లీగ్రాములు మించకుండా నిర్ణయించారు. పోయిన జుట్టు రాదనీ, ఉన్నదానిని నిలుపుటకే ఈ మందులనీ ముందే చెప్పారు. జుట్టు నాటించుకొనుట మాట, వ్యాధి ఒకటి రెండేళ్ళు పూర్తిగా సద్దుమణిగిన పిదపనే. అప్పుడైనా హామీ లేదట.

ఆరు నెలలుగా మచ్చలు పెరుగలేదు, దురద లేదు. ఆమె పాపిడి ప్రక్కకు తీసి దువ్వుకొంటున్నారు. మా బోరునీటి సిద్ధాంతాన్ని మాత్రం ఇంకా మరువలేదు.