ఒకే ఇంటిపేరు, మూడు గదులు

ఈ నెల మన మాట: ఇంటిపేరు.

తెలుగువారికి ఇంటిపేరు ముందు వస్తుంది, సొంత పేరు తరవాత వస్తుంది. ఇంటర్నెట్‌లో డొమైన్ కూడా ఇంటిపేరు లాంటిదే. దాని తరవాత ఒక వాలు గీత, ఆ తరవాత ఒక్కొక్కరి పేరు.

మన ఇళ్లలో ఒకరు వంటలు రాస్తారు. ఒకరు అమ్మమ్మ చెప్పిన కథలు రాస్తారు. ఇంకొకరు పాత ఫోటోలు పెడతారు. మూడు బ్లాగులకు మూడు డొమైన్లు కొనక్కరలేదు. ఒకటి చాలు.

స్టాటిక్ బ్లాగు అంటే ముందే తయారుచేసి పెట్టిన పేజీలు. వాటి వెనక డేటాబేస్ ఉండదు. అందుకే క్లౌడ్‌లో ఫైళ్లు దాచే చోటు సరిపోతుంది. అమెజాన్ ఎస్‌త్రీలో ఆ చోటును బకెట్ అంటారు. 2020 నుంచి అమెజాన్ కేంద్రం కేప్‌టౌన్‌లో కూడా ఉంది. కాబట్టి మన ఫైళ్లు మన దేశంలోనే ఉంచవచ్చు.

ఒక బకెట్ తెరిచి, లోపల మూడు ఫోల్డర్లు పెట్టండి. అవే మూడు గదులు. ప్రతి ఫోల్డర్‌లో ఇండెక్స్ అనే మొదటి పేజీ ఉండాలి. తరవాత బకెట్‌కు వెబ్‌సైట్ సదుపాయం ఆన్ చేయండి. దాని ముందు క్లౌడ్‌ఫ్రంట్ పెడితే సురక్షితమైన హెచ్‌టీటీపీఎస్ చిరునామా వస్తుంది.

ఒక జాగ్రత్త. ఫైళ్లు పంపేటప్పుడు, కొత్త వాటిలో లేని పాత ఫైళ్లను తీసేసే ఆప్షన్ ఒకటి ఉంటుంది. ఆ ఆప్షన్‌తో కథల బ్లాగును దాని ఫోల్డర్‌లోకి కాక నేరుగా బకెట్‌లోకి పంపితే, వంటలూ ఫోటోలూ చెరిగిపోతాయి. అందుకని ఎవరి ఫోల్డర్‌కు వారికే అనుమతి ఇవ్వండి. వెర్షనింగ్ ముందే ఆన్ చేస్తే, చెరిగినది తిరిగి తెచ్చుకోవచ్చు.

ఇంకో సంగతి. 1860లో ట్రూరో ఓడ మద్రాసు నుంచి డర్బన్ వచ్చింది. ఆ కాలపు ఓడ పట్టీల్లో మనిషి పేరు, తండ్రి పేరు, ఊరు రాశారు. ఇంటిపేరుకు గడి లేదు. మనలో ఎందరికో తాతల పేర్లే ఇంటిపేర్లు అయ్యాయి.

డొమైన్ కూడా గడువులోగా రెన్యూ చేయకపోతే పోతుంది. అప్పుడు మూడు బ్లాగులూ ఒకేసారి కనిపించకుండా పోతాయి. గడువు తేదీ, పాస్‌వర్డు ఇంట్లో కనీసం ఇద్దరికి తెలియాలి. ఫైళ్ల నకలు ఒకటి ఇంట్లో ఉంచండి.

ఈ నెల ఇంటిపని: మీ పాత ఇంటిపేరు ఏమిటో పెద్దవాళ్లను అడగండి. తెలిస్తే, దాన్ని తెలుగు అక్షరాల్లో మీ మొదటి పేజీలో రాయండి.