పరిశోధకుని గ్రాసము

2025వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున గుంటూరు మిర్చియార్డులో ధర పడిపోయి రైతులు గగ్గోలు పెట్టగా, కేంద్రప్రభుత్వము మార్కెట్టు జోక్య పథకము క్రింద క్వింటాలునకు 11,781 రూపాయలు నిర్ణయించెను. ఆ ధర గిట్టునా, గిట్టదా యను వాదము చాల దినములు సాగినది. కాని యా మొత్తములో భూమికి చెల్లించిన కౌలు ఎంత, అప్పిచ్చిన కమీషను వ్యాపారి వడ్డీ ఎంత, తుదకు సాగుచేసిన వాని చేతికి మిగిలినదెంత యని యడుగువారరుదు. అడిగినను, ఊరూర తిరిగి లెక్క తీసి చెప్పువారు ఇంకను అరుదు. ఈ కొరతకు మూలము బుద్ధిలోపము కాదు, గ్రాసలోపమని మేము నమ్ముచున్నాము.

పురుగు వచ్చినచో మనకు దిక్కున్నది. 2021-22లో నల్ల తామర పురుగు మిరపతోటలను మాడ్చివేసినపుడు లాం పరిశోధనాస్థానపు శాస్త్రజ్ఞులు చేలకు వచ్చి చూచిరి. వారికి జీతము కలదు, ప్రయోగశాల కలదు. కాని 1987-88లో తెల్లదోమ ప్రత్తిని తుడిచిపెట్టినపుడు ప్రకాశము, గుంటూరు జిల్లాలలో రైతులు ప్రాణములు తీసికొన్నది పురుగువలననే కాదు; అప్పువలనను, కౌలువలనను, అవమానభయమువలనను గూడ. పురుగును పరీక్షించుటకు సూక్ష్మదర్శిని యున్నది. అప్పును పరీక్షించు సూక్ష్మదర్శిని సాంఘికశాస్త్ర పరిశోధనమే. దాని నెవ్వరు పోషించుచున్నారు?

డాక్టరేటు పట్టమునకై యిట్టి పరిశోధనము చేయు యువకుడు గ్రంథాలయమున గూర్చుండి వ్రాయజాలడు. రెండు పంటకాలములైనను గ్రామమున నుండవలెను. ఇంటింటికి పోవలెను. రెవెన్యూ రికార్డుల నకళ్లు సంపాదింపవలెను. కూలి పోగొట్టుకొని ఎదుట గూర్చున్న వాని కాలమునకు విలువ కట్టవలెను. బస్సుచార్జీలు, బస, భోజనము వీనికన్నిటికిని ధనము కావలెను.

ఇప్పుడున్న యేర్పాటు లెట్టివి? జాతీయ అర్హతపరీక్షలో జూనియర్ పరిశోధకవృత్తి గెలిచిన స్వల్పసంఖ్యాకులకు 2023 జనవరినుండి నెలకు 37,000 రూపాయలును, పిమ్మట 42,000 రూపాయలును నిర్ణయింపబడినవి. ఇది కొనియాడదగినదే. 1969లో స్థాపితమైన భారత సాంఘికశాస్త్ర పరిశోధనమండలి కొందరికి వేతనములిచ్చుచున్నది. వారి సంఖ్యయు పరిమితమే. పరీక్షలో నెగ్గని వారికిచ్చు 8,000 రూపాయల భృతి కేంద్ర విశ్వవిద్యాలయములకే పరిమితము. దానిని సైతము ఎత్తివేయనెంచి 2015 అక్టోబరులో విశ్వవిద్యాలయ గ్రాంటుల సంఘము తీర్మానింపగా, విద్యార్థులు ఢిల్లీలో సంఘ కార్యాలయము ముందు బైఠాయించి నిలుపుకొనవలసి వచ్చెను. నాగార్జున విశ్వవిద్యాలయమువంటి రాష్ట్ర విద్యాపీఠములలో చేరిన మన పల్లెబిడ్డకు ఆ యెనిమిది వేలును లేవు. అతడు పగలు ప్రయివేటు కళాశాలలో పాఠములు చెప్పి రాత్రి సిద్ధాంతగ్రంథము వ్రాయవలెను.

మంజూరైన వేతనమైనను నెలనెల అందవలెను గదా! గుంటూరున పుట్టి హైదరాబాదు కేంద్ర విశ్వవిద్యాలయమున పరిశోధనము చేయుచుండిన వేముల రోహిత్ 2016 జనవరి 17వ తేదీన ప్రాణము తీసికొనుచు, తనకు ఏడు నెలల భృతి లక్షా డెబ్బదియైదువేల రూపాయలు రావలసియున్నదనియు, దానిని తన కుటుంబమున కిప్పింపుడనియు కడపటి లేఖలో వ్రాసెను. ఆ మరణమునకు గల కారణములపై భిన్నాభిప్రాయము లుండవచ్చును. కాని పరిశోధకుని భృతి యతనికి జేబుఖర్చు కాదనియు, ఒక యింటికి ఆధారమనియు తెలిసికొనుటకు ఆ యొక్క వాక్యము చాలును.

పూర్వము మనకు మార్గము లేకపోలేదు. మద్రాసు విశ్వవిద్యాలయమున ఆచార్యుడైన గిల్బర్ట్ స్లేటర్ విద్యార్థులచేత గ్రామముల స్థితిగతులను పరిశీలింపజేసి 1918లో గ్రంథము వెలువరించెను. నిడుబ్రోలునుండి ఆక్స్‌ఫర్డునకు పోయి చదివివచ్చిన ఆచార్య రంగా 1926లో డెల్టాగ్రామముల ఆర్థికవ్యవస్థపై గ్రంథము ప్రకటించిరి. నేడో? కోస్తారైతులు వ్యాపారులైన విధమును పరిశీలించి కేరల్ ఉపాధ్య 1988లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయమున పట్టమందెను. గుంటూరుసీమ పల్లెలోని దళితస్త్రీల జీవనముపై క్లారిండా స్టిల్ లండనులో సిద్ధాంతగ్రంథము రచించెను. వారి శ్రమకు మేము కృతజ్ఞులము. కాని మన యింటి లెక్క మనమే వ్రాసికొనలేక పరదేశపు బీరువాలలో వెదకికొనవలసి వచ్చుట గౌరవమా?

“ఈ పరిశోధనములవలన ఎకరమునకు ఒక బస్తా యెక్కువ పండునా?” యని కొందరు భూస్వాములు ప్రశ్నింతురు. 2019 నాటి పంటసాగుదారుల హక్కుల చట్టము కౌలుదారునకు హక్కుపత్రము కావలెనన్న యజమాని సంతకమును కోరినది. సంతకము చేయుటకు యజమాని ఏల జంకును? భూమి పోవునన్న భయమా, పాత అనుభవమా? ఈ సంగతి తెలియక చేసిన చట్టము కౌలుదారుని బ్రోవదు, యజమాని సంశయమును తీర్పదు. పరిశోధన మిరువురకును మేలే. మరికొందరు సిద్ధాంతగ్రంథములలో నకళ్లే యెక్కువ యందురు. అది కొంతవరకు నిజము. కాని పొలమునకు పోవుటకు పైకము లేనివాడు గ్రంథములనుండి గాక మరెచ్చటనుండి తెచ్చును?

కావున మేము కోరునది స్వల్పము. రాష్ట్రప్రభుత్వము తన విశ్వవిద్యాలయములలోని సాంఘికశాస్త్ర పరిశోధకులకు క్షేత్రపరిశోధన నిధి నొకదాని నేర్పరుపవలెను. యార్డులలో వసూలగు మార్కెట్టురుసుములో ఒక చిన్న పాలు దానికి కేటాయింపవచ్చును. ఎంపిక మంత్రుల చేతను గాక పండితుల చేతను జరుగవలెను. పైకము నెలనెల చేరవలెను. పరిశోధనము ముగిసిన పిమ్మట దాని సారాంశమును తెలుగున వ్రాసి, యే గ్రామమున లెక్కలు తీసిరో యా గ్రామమున చదివి వినిపింపవలెను.

ప్రభుత్వముకొరకు ఎదురుచూడనక్కరలేని పనియు గలదు. 1922లో ఉన్నవ లక్ష్మీనారాయణగారు గుంటూరున శారదానికేతనమును నెలకొల్పినారు. అటుపిమ్మట ఈ సీమలో నెన్ని కళాశాలలు దాతల భూములపై లేచెను! నేటి దాతలు భవనముపై పేరు చెక్కించుకొనుటకు మారుగా ఒక్క పరిశోధకుని మూడేండ్లు పోషించిన చాలును. మిరప ధర యేల పడినదో, ప్రత్తిరైతు ఏల చచ్చెనో చెప్పగల మనుష్యుని పెంచుట దేవాలయమునకు గోపురము కట్టించుటకంటె తక్కువ పుణ్యము కాదు.